గుండీ కాజాలంత గాట్లు

మంత్రాలయంలో తెల్లారకముందే తుంగభద్ర మెట్ల దగ్గర సందడి మొదలవుతుంది. నదిలో మూడు మునకలు వేసి, తడిబట్టలు ఒంటికి అంటుకుని ఉండగానే మఠంలోకి వచ్చి బృందావనం చుట్టూ పొర్లుదండాలు పెడతారు. వచ్చేవాళ్లలో సగంమంది నది అవతలి కన్నడం వాళ్లు గనుక దాన్ని ఉరుళు సేవ అనడం కూడా ఇక్కడ అలవాటే. 1671లో రాఘవేంద్రస్వామి బృందావన ప్రవేశం చేసిన చోటు ఇది. గురువారమైతే రద్దీ ఇంకా ఎక్కువ.

అలాంటి ఒక గురువారం గోడ నీడన నా పక్కన ఒకతను కూర్చున్నాడు. ముప్పై ఏళ్లుంటాయేమో. పంచె పైకి మడిచి కుడి మోకాలు మెల్లగా నిమురుకుంటున్నాడు. చిప్పకు అటొకటి ఇటొకటి రెండు చిన్న మచ్చలు, చొక్కా గుండీ కాజా ఎంత ఉంటుందో అంత. వాటికి నాలుగు వేళ్ల కింద, కాలి లోపలివైపు ఇంకో గీత, రెండు వేళ్ల వెడల్పుది. నా చూపు అక్కడే ఆగడం చూసి తనే అందుకున్నాడు.

"కోసిగి పక్క సార్ మాది. సుగ్గికి పోయొచ్చినంక బండి మీద పోతాంటే నల్లరేగడి బురదలో జారె. కాలు మెలిపడి టప్‌మనింది. నూనె రుద్దిస్తి, కట్టు కట్టిస్తి, రెండు నెలలు చూస్తి. నడుస్తాంటే మోకాలు ఉన్నట్టుండి ఇడిసిపెడతాండె. ఆపరేషనంటే కాలు నిలువునా కోస్తారనుకుంటి. చూస్తే ఇంతే. మూడో దినానికి ఇంటికి పంపిచ్చిరి. ఏడు నెలలాయ సార్, ఇంగా గొంతు కూచోను రాదు. గాటు ఇంతే ఉంటే ఇన్ని నెలలు ఎందుకు పట్టాల?"

డాక్టరును అడగాలనుకుని, అడగకుండానే బస్సెక్కి వచ్చేసే ప్రశ్న ఇది. కర్నూలు ఊళ్లోకి దిగగానే ఆర్థోపెడిక్ ఆస్పత్రుల బోర్డులు పలకరిస్తాయి. కీహోల్ సర్జరీ, కోత తక్కువ, కుట్లు తక్కువ, మర్నాడే నడక. అందులో అబద్ధం లేదు. కాకపోతే ఆ మాటలన్నీ చర్మం గురించి చెబుతున్నవి. ఎముక, లిగమెంట్, గుజ్జు తమ పద్ధతిలో తాము మానుతాయి. వాటికి బోర్డు చదవడం రాదు.

అసలీ కీహోల్ విద్య ఎక్కడ పుట్టిందో తెలిస్తే, అది కోసిగి మనిషికి ఎంత దగ్గరిదో అర్థమవుతుంది. 1918లో టోక్యోలో కెంజి తకాగి అనే ఎముకల డాక్టరు, మూత్రాశయంలోకి చూడటానికి వాడే గొట్టాన్ని ఒక శవం మోకాలిలోకి దూర్చి లోపల ఏముందో చూశాడు. ఆయన బాధ వేరు. ఆ రోజుల్లో అక్కడ మోకాలికి క్షయ సోకడం ఎక్కువ. ముదిరితే కీలు బిగుసుకుపోయి కర్రలా నిలబడిపోతుంది. కుర్చీల దేశంలో అయితే బిగుసుకున్న మోకాలితో ఎలాగో నెట్టుకురావచ్చు. జపానులో భోంచేసేది నేల మీద, అతిథిని కూర్చోబెట్టేది నేల మీద, పెద్దలకు మొక్కేది మోకాళ్ల మీద. కాలు ముడవనివాడికి నలుగురిలో చోటు లేదు. జబ్బు ముదరకముందే లోపలికి చూసి పట్టుకోవాలని తకాగి తాపత్రయం. గొట్టం మరీ లావుగా ఉందని ఏళ్లతరబడి సన్నం చేస్తూ పోయి, 1931 నాటికి మూడున్నర మిల్లీమీటర్లకు తెచ్చాడు.

నేల మీద కూర్చుని తినే జనం కోసం పుట్టిన పరికరం, మళ్లీ నేల మీద కూర్చుని తినే మన ఊళ్లకు అమెరికా చుట్టి వచ్చింది. తకాగి శిష్యుడు మసాకి వతనబె దాన్ని నిజంగా పనికొచ్చే వస్తువుగా మలిచాడు. ఆయన చేసిన వాటిలో 21వ నంబరు గొట్టం పేరుపొందింది. దాని కొసన చిన్న బల్బు ఉండేది, అది అప్పుడప్పుడు కీలులోనే పగిలేదట. 1962లో ఆయన ఒక 17 ఏళ్ల కుర్రాడి మోకాలిలో చిరిగిన గుజ్జు ముక్కను ఆ గొట్టం సాయంతో కత్తిరించి తీశాడు. బాస్కెట్‌బాల్ ఆడుతూ దెబ్బ తిన్న కుర్రాడు. రెండేళ్ల తర్వాత టొరంటో నుంచి వచ్చిన రాబర్ట్ జాక్సన్ ఆయన దగ్గర ఈ పని నేర్చుకుని వెళ్లాక పడమటి దేశాలకు పాకింది. గాజు పోగుల గుండా వెలుతురు పంపడం, గొట్టానికి కెమెరా తగిలించి టీవీలో చూడటం వచ్చాక డాక్టరు వంగి ఒంటికన్నుతో చూసే రోజులు పోయాయి.

ఒక సర్జన్ ఒప్పుకుంటే ఆపరేషన్ గదిలో ఓ మూల నిలబడి ఇది చూశాను. రోగికి నడుములో మత్తు సూది వేశారు. బొడ్డు కింది నుంచి కాళ్లు మొద్దుబారాయి గానీ మనిషి మెలకువగానే ఉన్నాడు, తలాపున ఉన్న నర్సుతో పత్తి ధర గురించి మాట్లాడుతున్నాడు. ఈ నడుము సూది మీద మనవాళ్లకున్న భయం ఇంతా అంతా కాదు, జీవితాంతం నడుంనొప్పి పట్టుకుంటుందని. సూది వేసిన చోట నాలుగు రోజులు సలపరం, కొందరికి తలనొప్పి ఉంటాయి. ఏళ్లతరబడి ఉండే నడుంనొప్పికి మాత్రం ఆ సూదితో సంబంధం ఉన్నట్టు పరిశోధనల్లో తేలలేదు.

తొడకు గాలిపట్టీ బిగించి రక్తం రాకుండా ఆపారు. చిప్ప కింద అటూ ఇటూ చిన్న గాట్లు. ఒకదానిలో నాలుగు మిల్లీమీటర్ల లావున్న కెమెరా గొట్టం, రెండోదానిలో పనిముట్టు. స్టాండుకు వేలాడుతున్న పెద్ద పెద్ద సెలైన్ సంచుల నుంచి ఉప్పునీరు లోపలికి పారుతూనే ఉంది. కీలు ఆ నీటితో ఉబ్బితేనే చూడటానికి జాగా దొరుకుతుంది. గొట్టం కొస నిటారుగా కాక 30 డిగ్రీలు వాలుగా ఉంటుంది. డాక్టరు దాన్ని వేళ్ల మధ్య తిప్పితే చాలు, గొట్టం కదలకుండానే చూపు పక్కకు మళ్లుతుంది, గుమ్మంలో నిలబడి తల తిప్పి గది మూలల్లోకి తొంగిచూసినట్టు.

టీవీ తెర మీద మోకాలు నీటి అడుగున ఉన్న గుహలా కనబడింది. ఎముకల కొసల మీద గుజ్జు పొర లేత కొబ్బరిలా తెల్లగా, నునుపుగా ఉంది. రెండు ఎముకల మధ్య చంద్రవంక ఆకారంలో దిండ్లున్నాయి, వాటినే మెనిస్కస్ అంటారు. నడుమ గట్టి మోకులా ఉండాల్సిన ముందరి లిగమెంట్, ఆ మనిషిలో వాడి పారేసిన సున్నం కుంచెలా పోగులు పోగులుగా నీటిలో ఊగుతోంది. డాక్టరు సన్నటి కొక్కెంతో దాన్ని లాగి చూపించాడు, అది ఎక్కడా పట్టుకుని లేదు.

అక్కడి నుంచి జరిగిన పని చూస్తే గాటు చిన్నదన్న మాటే మరిచిపోతాం. కాలి లోపలివైపు రెండు వేళ్ల గాటు పెట్టి, తొడ వెనక కండరాల నరాన్ని (మనవాళ్లు నరం అనేస్తారు గానీ అది కండరాన్ని ఎముకకు కట్టే తాడు) పొడవుగా లాగి తీశారు. బల్ల మీద మడతలు పెట్టి దారంతో కుట్టి కొత్త లిగమెంట్ తయారుచేశారు. పై ఎముకలోనూ కింది ఎముకలోనూ దాదాపు చిటికెన వేలు పట్టేంత సొరంగాలు డ్రిల్లుతో తొలిచారు. ఆ తాడును కిందినుంచి పైకి లాగి, ఎముక అవతలి వైపున ఒక చిన్న టైటానియం బిళ్ల అడ్డంపడేలా చేశారు. కాజాలోంచి దూరిన గుండీ వెనక్కి రానట్టే. ఇదంతా జరిగింది ఆ గుండీ కాజాలంత గాట్లు, ఆ రెండు వేళ్ల గాటు గుండానే. మచ్చలను బట్టి కోసిగి అతనికి జరిగిందీ ఇదే. అంటే అతని కాలిలో రెండు ఎముకలకు సొరంగాలు పడ్డాయి, ఒక చోటి తాడు ఇంకో చోటికి మారింది. చర్మం రెండు వారాల్లో మానింది కాబట్టి కాలు కూడా మానిందనుకున్నాడు.

ఇందులో ఒక తిరకాసు ఉంది. కొత్తగా అమర్చిన తాడుకు మొదట్లో రక్తప్రసారం ఉండదు. శరీరం దాన్ని లోలోపల కొంత కరిగించి, కొత్త రక్తనాళాలు పంపి, మెల్లగా తన లిగమెంటుగా మార్చుకుంటుంది. ఆ మారే క్రమంలో, ఆపరేషనైన ఆరో వారం నుంచి పన్నెండో వారం మధ్య, తాడు బాగా బలహీనంగా ఉంటుంది. సరిగ్గా అప్పుడే రోగికి నొప్పి తగ్గి, వాపు పోయి, అంతా బాగైపోయిందనిపిస్తుంది. ఊతకర్ర మూలన పడేసి పొలానికి, బండి మీదికి పోయేదీ అప్పుడే. ఆటలకు తొమ్మిది నెలల దాకా పోవద్దని డాక్టర్లు పట్టుబట్టడానికి కారణం ఇదే. నార్వేలో ఆటగాళ్లను గమనించి 2016లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, తొమ్మిది నెలల వరకు ఒక్కో నెల ఆగినకొద్దీ మళ్లీ దెబ్బ తగిలే అవకాశం దాదాపు సగానికి పడిపోతూ వచ్చింది. మన పల్లెల్లో కబడ్డీ ఆడే కుర్రాళ్లకు ఈ ఒక్క ముక్క చేరితే చాలు.

మెనిస్కస్ సంగతి ఇంకా విచిత్రం. ఆ చంద్రవంక దిండులో బయటి అంచుకు మాత్రమే రక్తం అందుతుంది, లోపలి భాగానికి అందదు. బయటి అంచున చిరిగితే కుట్టవచ్చు, అతుక్కుంటుంది. లోపలివైపు చిరిగితే చాలావరకు ఆ ముక్కను కత్తిరించి తీసేయడమే. కత్తిరించినవాడు వారం పది రోజుల్లో హాయిగా నడిచేస్తాడు. కుట్టించుకున్నవాడు నాలుగు నుంచి ఆరు వారాలు ఊతకర్రలతో, కాలు ఎక్కువ ముడవకుండా ఓపిక పట్టాలి. ఊళ్లో జనం మొదటివాడి డాక్టరు గొప్పవాడంటారు. పదేళ్ల తర్వాత మోకాలు తొందరగా అరిగే ప్రమాదం మాత్రం దిండు పోగొట్టుకున్నవాడికే ఎక్కువ. ఎన్నాళ్లకు నడిచాడన్నదొక్కటే చూసి ఆపరేషన్‌కు మార్కులేస్తే ఇలాగే ఉంటుంది.

ఇక అసలు ఆపరేషనే అక్కర్లేనివాళ్ల గురించి. యాభై దాటిన అమ్మ మోకాలు నొప్పి అంటుంది. ఎంఆర్ఐ తీస్తారు. 'మెనిస్కస్ చిరిగింది' అని రిపోర్టు వస్తుంది. ఇంటిల్లిపాదికీ గుండె గుభేల్‌మంటుంది. అమెరికాలో ఫ్రేమింగ్‌హామ్ అనే ఊళ్లో 50 నుంచి 90 ఏళ్ల మధ్యవాళ్లు 991 మందికి మోకాళ్ల స్కాన్ తీసి 2008లో ఫలితాలు ప్రకటించారు. చిరుగు కనబడినవాళ్లలో 61 శాతం మందికి అంతకు ముందు నెలరోజుల్లో నొప్పే లేదు. జుట్టు నెరిసినట్టే దిండూ చిరుగుతుంది. స్కాన్‌లో చిరుగు కనబడినంత మాత్రాన నొప్పి దానివల్లేనని తేల్చలేం.

దీన్ని తేల్చడానికి హ్యూస్టన్‌లో ఒక సాహసం చేశారు. అరిగిన మోకాళ్లున్న 180 మందిని ఒప్పించి మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు ఆర్థ్రోస్కోపీతో, అంటే ఈ కీహోల్ గొట్టంతో, లోపల గోకి శుభ్రం చేశారు. ఇంకో గుంపుకు నీళ్లతో కడిగారు. మూడో గుంపుకు చర్మం మీద గాట్లు మాత్రం పెట్టి, పనిముట్లు అడుగుతున్నట్టు నటిస్తూ, నీళ్ల చప్పుడు కూడా చేసి కుట్టేశారు. గొట్టం లోపలికి పోనేలేదు. రెండేళ్లు గమనిస్తే మూడు గుంపుల నొప్పిలోనూ తేడా లేదు. 2002లో ఇది అచ్చయ్యాక పెద్ద దుమారమే రేగింది. 2013లో ఫిన్లండ్ డాక్టర్లు, కీలు అరగకుండా మెనిస్కస్ మాత్రమే వయసుతో చిరిగిన 146 మంది మీద అదే తరహాలో ఉత్తుత్తి ఆపరేషన్‌తో పోల్చిచూశారు. ఏడాది తర్వాత అదే కథ. 2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ నిపుణుల బృందం, వయసుతో అరిగిన మోకాలికి ఆర్థ్రోస్కోపీ వద్దని గట్టిగానే చెప్పింది.

అయినా ఆ ఆపరేషన్లు జరుగుతూనే ఉన్నాయి. మా బంధువుల్లో ఒకావిడకు, అరిగిన మోకాలిని 'లోపల కడిగేస్తే పదేళ్లు ఢోకా లేదు' అని చెప్పి చేశారు. ఆస్పత్రి పేరు చెప్పను. ఆరు నెలలు బాగుందంది, ఆ తర్వాత మళ్లీ మొదటికొచ్చింది. తొడ ముందు కండరాలను గట్టిపరిచే వ్యాయామం, కొంత బరువు తగ్గడం, అవసరమైనప్పుడు నొప్పి మాత్ర. ముందు నుంచీ చేయాల్సింది ఇదే. ఇందులో బోర్డు మీద రాసుకోవడానికి ఏమీ లేదు గనుక దీన్ని ఎవరూ ప్రచారం చేయరు. నడిచేటప్పుడు మోకాలి మీద ఒంటి బరువుకు రెండున్నర రెట్ల భారం పడుతుంది. మెట్లు దిగేటప్పుడు మూడు రెట్లు దాటుతుంది. కృత్రిమ మోకాళ్లలో కొలిచే యంత్రాలు అమర్చి లెక్కగట్టిన మాట ఇది. నాలుగు కిలోలు తగ్గినవాళ్ల మోకాలికి ఒక్కో అడుగుకు పది కిలోల భారం తగ్గినట్టే.

అరుగుదల ముదిరి, రాత్రిళ్లు నిద్ర పట్టక, నాలుగడుగులు వేయలేని స్థితికి వస్తే మోకీలు మార్పిడి ఉంది. 2000లో అప్పటి ప్రధాని వాజ్‌పేయి ముంబైలో ఒక మోకాలు, మరుసటి ఏడాది రెండోది మార్పించుకున్నాక ఈ ఆపరేషన్ పేరు ఊరూరా తెలిసింది. దీన్ని కూడా ఇప్పుడు చిన్న కోతతో చేస్తున్నారు. మామూలుగా జానెడు, అంతకు కాస్త ఎక్కువ ఉండే కోతను అందులో సగానికి తగ్గించి, తొడ కండరాన్ని కోయకుండా పక్కకు జరిపి లోహపు భాగాలు అమరుస్తారు. మొదటి కొన్ని వారాలు నొప్పి తక్కువ, నడక తొందర. కొన్ని నెలలు గడిచేసరికి పెద్ద కోతవాళ్లకూ చిన్న కోతవాళ్లకూ తేడా కనబడదు. కోత చిన్నదై సర్జన్‌కు చూపు సరిగా ఆనక లోహం కాస్త వంకరగా కూర్చుంటే మాత్రం ఆ తేడా ఏళ్లతరబడి ఉంటుంది. కోత పొడవు కంటే ఆ డాక్టరు ఏటా ఎన్ని మోకాళ్లు మారుస్తారని అడగడం మేలు. కీలులో లోపలి సగమే అరిగినవాళ్లకు ఆ సగాన్నే మార్చే పద్ధతి కూడా ఉంది. కుదిరితే అది నిజంగానే చిన్న ఆపరేషన్. అందరికీ కుదరదు.

మార్పించుకున్నవాళ్లు తరచూ భయపడే సంగతులు కొన్ని ముందే చెప్పాలి. మచ్చకు బయటివైపు చర్మం మొద్దుబారుతుంది, కొంతమందికి అది అలాగే ఉండిపోతుంది. మోకాలు ఆరేడు నెలలు వెచ్చగా తగులుతుంది. నడుస్తుంటే టకటకమని చిన్న చప్పుడు రావచ్చు, లోహానికి ప్లాస్టిక్ తగిలే చప్పుడు అది. 2019లో లాన్సెట్ పత్రిక ప్రకటించిన లెక్కల ప్రకారం పూర్తి మోకీలు మార్పిడుల్లో 82 శాతం 25 ఏళ్లు నిలుస్తున్నాయి. ధర విషయంలో 2017 ఆగస్టులో కేంద్రం గరిష్ఠ పరిమితి పెట్టింది. అప్పుడు ఎక్కువగా వాడే కోబాల్ట్ క్రోమియం మోకీలుకు పన్ను కాక 54,720 రూపాయలు అని నిర్ణయించారు. అంతకు ముందు లక్షన్నర దాకా పలికిన వస్తువు అది. అయితే అది వస్తువు ధర మాత్రమే. గది అద్దె, డాక్టరు ఫీజు వేరు. ఎన్టీఆర్ వైద్యసేవగా పిలుస్తున్న పాత ఆరోగ్యశ్రీలో ఏ ఆపరేషన్ వస్తుందో, ఏ ఆస్పత్రిలో వస్తుందో ముందుగానే ఆ పథకం చూసే సిబ్బందిని అడిగి తెలుసుకోవాలి. చేరాక అడిగితే బిల్లు చేతికొస్తుంది.

కోత లేకుండా ఎముకను బాగుచేయడం రాయలసీమకు కొత్తేమీ కాదు. ఇక్కడ చెయ్యి విరిగితే ఇప్పటికీ పుత్తూరు కట్టు మాటే ముందొస్తుంది. ఆకు పసరు, కోడిగుడ్డు సొన, వెదురు బద్దలు. కదలకుండా పట్టి ఉంచితే ఎముక తనంతట తను అతుక్కుంటుందన్న సూత్రం నూటికి నూరుపాళ్లు సరైనదే, పిండికట్టుకూ అదే ఆధారం. తొడ ఎముక దగ్గర ఆ సూత్రం చాలదు. దాని చుట్టూ ఉన్న కండరాలు విరిగిన ముక్కలను ఒకదాని మీదికొకటి లాగేస్తాయి, ఏ కట్టూ ఆపలేదు. 1939లో జర్మనీలోని కీల్ నగరంలో గెర్హార్డ్ కుంచర్ తుంటి దగ్గర చిన్న గాటు పెట్టి, అక్కడి నుంచి ఎముక మూలుగ దారిలో పొడవాటి ఉక్కు మేకు దించాడు. విరిగిన చోటు తెరవనేలేదు. యుద్ధం ముగిశాక జర్మనీ చెర నుంచి ఇళ్లకు చేరిన సైనికుల ఎక్స్‌రేల్లో ఆ మేకులు చూసి అవతలి దేశాల డాక్టర్లు నివ్వెరపోయారు. ఇవాళ కర్నూలు పెద్దాసుపత్రిలో 'రాడ్ వేశారు' అని బంధువులు చెప్పుకునేది ఆ మేకుకు వారసుడే. గాట్లు రెండు మూడు అంగుళాలు దాటవు. సీ ఆర్మ్ అనే ఎక్స్‌రే కన్ను పక్కనే ఉంటుంది గనుక విరిగిన చోటును తెరవాల్సిన పని లేదు. తెరవకపోతే అక్కడ గడ్డకట్టిన రక్తం చెదరదు, ఆ రక్తంలోంచే కొత్త ఎముక పుడుతుంది. కోత చిన్నదైనందువల్ల అందం కంటే ఎక్కువ లాభం నిజంగా ఒనగూరేది ఇలాంటి చోట్లే. బీడీ తాగేవాళ్లకు ఎముక ఆలస్యంగా అతుక్కుంటుంది, చెప్పినా వినరు గానీ.

వెన్నెముక దగ్గరికొస్తే, ఆదోని పత్తి మార్కెట్ యార్డులో మూటలు మోసే హమాలీలకు తెలియని జబ్బు కాదిది. ఒకనాడు వంగి బస్తా ఎత్తబోతే పిరుదు నుంచి మడమ దాకా కరెంటు తీగ పాకినట్టు సుర్రుమంటుంది. వెన్నుపూసల మధ్య దిండు జారి నరాన్ని నొక్కడమే కారణమని 1934లో బోస్టన్ డాక్టర్లు మిక్స్టర్, బార్ రాశారు. అప్పట్లో వెన్ను వెడల్పుగా తెరిచేవారు. ఇప్పుడు వేలు పట్టేంత గొట్టాన్ని కండరపు పోగుల మధ్య నుంచి దించి, మైక్రోస్కోపులో చూస్తూ జారిన ముక్కను మాత్రం తీసేస్తారు. కాలి నొప్పి చాలామందికి ఆ రోజే పోతుంది. కానీ ఇలాంటి నొప్పుల్లో ఎక్కువ భాగం ఆరు నుంచి పన్నెండు వారాల్లో ఆపరేషన్ లేకుండానే తగ్గుతాయి. జారిన ముక్కను శరీరమే కరిగిస్తుంది. ఆగకూడని సందర్భాలు వేరు. మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, మర్మస్థానాల చుట్టూ స్పర్శ పోయినా, పాదం పైకి లేవకుండా వేలాడినా అదే రోజు ఆస్పత్రికి పోవాలి. రాత్రయిందని ఆగితే కాలు తిరిగి రాకపోవచ్చు.

బోరు నీళ్లు తాగే మన మెట్ట ప్రాంతాల్లో ఇంకో చిక్కు ఉంది. ఫ్లోరైడు ఏళ్లతరబడి ఒంట్లో చేరితే వెన్ను చుట్టూ ఉండే లిగమెంట్లు కూడా ఎముకలా గట్టిపడి, నరాల కాలువ పొడవునా ఇరుకైపోతుంది. 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో ఈ జబ్బును గుర్తించి రాశారు. అలాంటి వెన్నుకు ఒక్క చిన్న సందు చాలదు, తెరవాల్సినంత తెరవక తప్పదు. అక్కడ 'చిన్న కోతతో చేస్తాం' అనేవాళ్లను రెండుసార్లు అడగాలి.

ఆపరేషన్ బల్ల మీద గంటా గంటన్నరలో పని అయిపోతుంది. మిగతాదంతా ఇంట్లోనే. నడుము సూది మత్తు మూడు నాలుగు గంటలకు దిగుతుంది, ఆ రాత్రి నొప్పి బాగా తెలుస్తుంది. అందుకే మత్తు పూర్తిగా వదలకముందే నొప్పి మందు వేయించుకోవాలి, పళ్లు బిగబట్టి ఓర్చుకోవడం ఘనకార్యం కాదు. మొదటి వారం మోకాలు ఉబ్బి, నీలంగా కంది, చూడటానికి భయంగా ఉంటుంది. లోపల మిగిలిన నీరూ రక్తమూ కిందికి జారి పాదం కూడా వాస్తుంది. ఇవి మామూలే. పిక్క గట్టిపడి ఒకవైపే ఉబ్బినా, ఆయాసం వచ్చినా, జ్వరంతో పాటు గాటు నుంచి చీము లాంటి చెమ్మ వచ్చినా మామూలు కాదు. ఆర్థ్రోస్కోపీలో చీముపట్టడం నూటికి ఒకరికన్నా తక్కువమందికే. షుగరు అదుపులో లేనివాళ్లకు ఆ లెక్క వర్తించదు. తేదీ ఖాయం చేసుకునే ముందే షుగరు చూసుకోవాలి.

అన్నిటికన్నా ఎక్కువమంది చేసే పొరపాటు దిండు. కొడుకు కాలు నొప్పిగా ఉందని తల్లి మోకాలి కింద మెత్తటి దిండు పెడుతుంది. మోకాలు కాస్త ముడుచుకుని ఉంటే నొప్పి తగ్గుతుంది, ప్రాణం హాయిగా ఉంటుంది. మూడు వారాలు అలా పడుకుంటే ఆ ముడుపే కుదిరిపోయి కాలు ఇక పూర్తిగా చాచుకోదు, కుంటు మిగిలిపోతుంది. దిండు పెట్టాల్సింది మడమ కింద. మోకాలు గాలిలో ఉండి తన బరువుకు తనే కిందికి దిగాలి. తువ్వాలు చుట్టి మోకాలి కింద పెట్టి, దాన్ని మంచంలోకి నొక్కి పదంకెలు లెక్కపెట్టి వదలాలి. రోజుకు ఐదారుసార్లు. ఊతకర్రతో మెట్లెక్కేటప్పుడు ముందు మంచి కాలు, దిగేటప్పుడు ముందు చెడ్డ కాలు. ఫిజియోథెరపిస్టు మొదటి రోజు చెప్పే పాఠం ఇది. చెప్పడానికి ఆ మనిషి దగ్గర్లో ఉంటే కదా. కోసిగి నుంచి కర్నూలుకు వారానికి రెండుసార్లు పోయిరావాలంటే ఒక్కోసారి ఒక రోజు కూలి, రెండు టిక్కెట్లు. సుగ్గి సీజన్ వస్తే ఇంటికి తాళమేసి గుంటూరు మిరప చేలకు పోవాల్సిన కుటుంబం తొమ్మిది నెలలు ఎక్కడ ఆగుతుంది? కీహోల్ లాభం చర్మానికి దక్కుతోంది, వ్యాయామం దగ్గరికొచ్చేసరికి చేజారుతోంది. కర్నూలు, బళ్లారి ఆస్పత్రుల్లో డాక్టర్లకు ఇది తెలియక కాదు. పల్లె ఆరోగ్య కేంద్రంలో నెలకు రెండు రోజులు ఫిజియోథెరపిస్టు కూర్చుంటే ఆ ఆస్పత్రుల్లో చేసే ఆపరేషన్లకు విలువ పెరుగుతుందని నాకనిపిస్తుంది.

కోసిగి అతనికి ఇందులో సగమే చెప్పగలిగాను. గొంతు కూర్చోవడానికి మోకాలు పూర్తిగా ముడవాలి, తొడ కండరం ఒంటి బరువును ఆపాలి. ఆ కండరం రెండో కాలితో సమానంగా ఉందా అని చెయ్యి పెట్టి చూసుకోమన్నాను. రెండు తొడల మీదా చేతులు వేసి పోల్చుకున్నాడు. కుడిది సన్నబడి ఉంది. తువ్వాలు నొక్కే వ్యాయామం రెండో నెలలోనే మానేశానని ఒప్పుకున్నాడు, నొప్పి పోయింది కదా అని.

"మొక్కుంది సార్. కాలు బాగైతే పొర్లుదండాలు పెడ్తానని. డాక్టర్ సార్‌కు ఫోన్ చేస్తే తడి బండ మీద మెలిపడతాది, ఇంగో మూడు నెలలు ఆగప్పా అనె."

"మరి ఇప్పుడేం చేస్తావు?"

"మా యమ్మ పెడ్తాంది" అని ప్రాకారం వైపు చూపించాడు. తడిచీర కొంగు నడుముకు బిగించి, చేతులు తల మీదికి జోడించి ఆమె బండ మీద పొర్లుతోంది. పక్కనే కోడలు కావచ్చు, ఆమె తల రాతికి తగలకుండా చెయ్యి అడ్డం పెడుతూ నడుస్తోంది. కొడుకు లేచి, వాళ్ల వెనకాలే మెల్లగా నడిచి ప్రదక్షిణ పూర్తిచేశాడు.

పదకొండు గంటలకు బస్టాండులో మళ్లీ కనబడ్డారు. ఆదోని బస్సు వచ్చింది, జనం తోసుకుంటున్నారు. తల్లిని ముందు ఎక్కించి, రాడ్డు పట్టుకుని, ఒక్క క్షణం ఆగి కింది మెట్టు మీద ఎడమ కాలు పెట్టాడు.